యువత అడుగుతున్నది పాటల గురించి కాదు

సంపాదకులకు,

యువత ఆదివారం ఆరాధనకు దూరమవుతున్నారనగానే మన క్రైస్తవ సంఘ పెద్దలు పాత కీర్తనలే కారణమని తేల్చి, కీబోర్డులూ డ్రమ్ములూ తెప్పిస్తున్నారు. అయితే చదువులకూ ఉద్యోగాలకూ నగరాలకు వెళ్లివచ్చిన పిల్లలు అడుగుతున్నది, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో) కలిసి పాలుపొందే కుటుంబాలు పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి కులమెందుకు చూస్తున్నాయని, సంఘ కమిటీలో స్త్రీల మాటకు విలువెందుకు తక్కువని. వేర్వేరు సంప్రదాయాలను కలుపుకొని 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ), 2013లో పుష్పలలిత గారిని తన తొలి మహిళా బిషప్‌గా నంద్యాల అధ్యక్ష మండలానికి (డయోసిస్‌కు) నియమించింది. పైస్థాయిలో సాధ్యమైనది పాస్టరేటు (స్థానిక సంఘ) కమిటీల్లో ఎందుకు కాదు? ఆరాధన ముగిశాక అరగంటైనా యువత ప్రశ్నలకు కేటాయించాలని, వాటిని అవిశ్వాసంగా ముద్రవేయవద్దని గురువులకు మనవి.

— ఒక సంఘ సభ్యురాలు, కర్నూలు