కొత్త డ్రైవర్ వేశాక మల్టీట్రాక్ రికార్డింగ్ తెగిపోతోంది: మిక్సర్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
డిజిటల్ మిక్సర్ల విభాగం.

విషయం: విండోస్ డ్రైవర్ అప్‌డేట్ తర్వాత యూఎస్‌బీ రికార్డింగ్‌లో శబ్దం తెగిపోవడం గురించి.

అయ్యా,

తెనాలిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుకుంటున్నాను. నాటకాలు, కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు జరిగే చోటికే వెళ్లి లైవ్‌గా రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా మిక్స్ చేసి ఇవ్వడం నా పని. మీ డిజిటల్ మిక్సర్ కొన్నదే అందుకు. ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో 32 ఛానెళ్లూ విడివిడిగా (మల్టీట్రాక్‌గా) కంప్యూటర్‌లోకి వెళ్తాయని మీ బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో వేశారు. స్టేజీ మీద సౌండ్ ఇవ్వడం వరకే అయితే అనలాగ్ మిక్సర్‌తో సరిపెట్టుకునేవాణ్ణి. మొదట్లో బాగానే పనిచేసింది కూడా.

గొడవంతా అప్‌డేట్‌తో మొదలైంది. కొత్త ఫర్మ్‌వేర్ (మిక్సర్ లోపలుండే సాఫ్ట్‌వేర్) వేస్తే తప్ప మీ ట్యాబ్లెట్ యాప్ మిక్సర్‌తో కలవనంది. ఫర్మ్‌వేర్ వేశాక పాత డ్రైవర్ (మిక్సర్‌ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) పనిచేయదంది. సరేనని కొత్త డ్రైవర్ వేశాను. ఇప్పుడు వెనక్కి వెళ్దామంటే పాత డ్రైవర్ మీ వెబ్‌సైట్‌లో లేదు, పాత ఫర్మ్‌వేర్‌ని మిక్సర్ తీసుకోదు.

ఆ తర్వాత ఒక కూచిపూడి యక్షగానం రికార్డు చేశాను. నట్టువాంగం, ఇద్దరు గాయకులు, మృదంగం, వయొలిన్, వేణువు, వీణ, పాత్రధారుల హెడ్‌సెట్ మైకులు, ప్రేక్షకుల వైపు రెండు మైకులు, అన్నీ కలిపి 16 ట్రాకులు. సగం ప్రదర్శన దాకా శుభ్రంగా ఉంది. అక్కణ్ణుంచి ఉన్నట్టుండి టిక్కుమని చప్పుళ్లు. మృదంగం జోరులో కొన్ని కలిసిపోయాయి గానీ, గాయకురాలు ఆలాపన చేసేచోట చెవిలో గుచ్చుకున్నట్టు వినిపిస్తున్నాయి.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటుని పెద్దది చేసి చూశాను. తరంగం నడుస్తూ నడుస్తూ కత్తెర పెట్టినట్టు తెగి, ఇంకెక్కడి నుంచో మొదలవుతోంది. 16 ట్రాకుల్లోనూ సరిగ్గా అదే శాంపిల్ (శబ్దాన్ని సెకనుకి వేలసార్లు కొలిచే కొలతల్లో ఒకటి) దగ్గర తెగుతోంది. అంటే మైకుదో, కేబుల్‌దో తప్పయ్యే అవకాశం లేదు. ఒక్క కేబుల్ పోతే ఒక్క ట్రాకే పోవాలి కదా!

అదృష్టం కొద్దీ అదే సమయంలో మిక్సర్ మీద ఉన్న సాకెట్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి స్టీరియో కూడా రికార్డు చేశాను. అందులో ఒక్క టిక్కు లేదు. రెండింటికీ వేగం నిర్ణయించే క్లాక్ మిక్సర్‌దే కాబట్టి నిడివి సమానంగా ఉండాలి. మొదటి తాళం దెబ్బ నుంచి మంగళంలో చివరి దెబ్బ దాకా కొలిస్తే మల్టీట్రాక్ దాదాపు మూడోవంతు సెకను తక్కువొచ్చింది. తెగినచోట్ల పెన్‌డ్రైవ్ ఫైలుతో పోల్చి చూస్తే ప్రతిసారీ 512 శాంపిళ్లు మాయమయ్యాయి. ఆ రోజు నేను పెట్టుకున్న బఫర్ (డ్రైవర్ ఒక్కసారికి పట్టుకెళ్లే శాంపిళ్ల మూట) కూడా 512. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల శాంపిళ్లు) దగ్గర అది 10.7 మిల్లీసెకన్లు. డ్రైవర్ బఫర్లకు బఫర్లే వదిలేస్తోందనడానికి ఇంతకంటే ఏం కావాలి? 25 ఫ్రేముల వీడియోలో మూడోవంతు సెకను అంటే 8 ఫ్రేములు. ప్రదర్శన చివరికొచ్చేసరికి పెదాలు ఒక దారి, మాట ఒక దారి.

మీ సపోర్ట్ వాళ్లు మొదట అడిగిన ప్రశ్న "మైక్ కేబుల్ మార్చి చూశారా సార్?" అని. ఆ తర్వాత లాప్‌టాప్ మీద పడ్డారు. చెప్పినవన్నీ చేశాను. వైఫై ఆపాను, పవర్ ప్లాన్ మార్చాను, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కలిపాను. మానిటరింగ్ (రికార్డు చేస్తూ వినడం) అంతా మిక్సర్‌లోనే జరుగుతుంది కాబట్టి లేటెన్సీతో (శబ్దం ఆలస్యంతో) నాకు పనిలేదు, అందుకని బఫర్ 1024కి పెంచమంటే పెంచాను. అప్పుడు ఒక్కో దెబ్బకి 1024 శాంపిళ్లు పోతున్నాయి, అంతే తేడా.

డిస్క్ చాలట్లేదని ఇంకొకాయన ఈమెయిల్ పెట్టారు. 24 బిట్‌లో 32 ట్రాకులూ కలిపినా సెకనుకి 4.6 మెగాబైట్లు. నా ఎస్ఎస్‌డీకి అది లెక్కలోకే రాదు. యూఎస్‌బీ 2.0 మీద చూసినా 480 మెగాబిట్లలో 37 మాత్రమే. పైగా ఇదే లాప్‌టాప్‌లో వేరే కంపెనీ ఆడియో ఇంటర్‌ఫేస్ గంటల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా రికార్డు చేస్తోంది. మీ మిక్సర్‌నే మిత్రుడి మ్యాక్‌కి తగిలిస్తే, మీ డ్రైవర్ అవసరమే లేకుండా, ఒక్క శాంపిల్ పోలేదు. మిక్సర్ బాగుంది, లాప్‌టాప్ బాగుంది, మధ్యలో ఉన్న మీ విండోస్ డ్రైవర్ బాగాలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి మీవాళ్లకి నోరు రావట్లేదు.

చివరికి మిక్సర్‌ని సర్వీస్ సెంటర్‌కి పంపమన్నారు. మాఘమాసం ముహూర్తాల్లో, చేతిలో ప్రోగ్రాములు ఒప్పుకుని ఉండగా, చెడిపోని మిక్సర్‌ని పెట్టెలో పెట్టి ఎలా పంపను? పంపనన్నందుకు "సమస్య పరిష్కారమైంది" అని రాసి నా టికెట్ (ఫిర్యాదు) మూసేశారు. నిజం చెప్పాలంటే టిక్కుల కంటే ఆ వాక్యమే ఎక్కువ బాధపెట్టింది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పాత ఫర్మ్‌వేర్, పాత డ్రైవర్ జంటగా నాకు పంపి, వెనక్కి వెళ్లే పద్ధతి చెప్పండి. సరిచేసిన డ్రైవర్ ఎప్పుడిస్తారో తేదీతో సహా రాతపూర్వకంగా తెలపండి. ఈ రెండూ మీవల్ల కాకపోతే మిక్సర్ తీసుకుని బిల్లు మొత్తం వాపసు ఇవ్వండి. యక్షగానం బృందానికి నేను తిరిగిచ్చిన అడ్వాన్సు రసీదు కూడా జతచేశాను, దాని సంగతీ తేల్చండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడు కారని ఫోన్‌లో ఒకరు అన్నారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువుకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది, నేనుండే చోటే కేసు వేసుకోవచ్చు కూడా. దయచేసి మీ లీగల్ వాళ్లని ఒకసారి అడగండి.

బిల్లు కాపీ, మూసేసిన టికెట్ల ఈమెయిళ్లు, తెగినచోట్ల స్క్రీన్‌షాట్లు, ఆలాపన భాగం మల్టీట్రాక్ ఫైళ్లు, దాని పక్కన పెన్‌డ్రైవ్ ఫైలు జతచేస్తున్నాను. ఈసారి డ్రైవర్ రాసే ఇంజనీరుకి అవి చేరేలా చూడండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినమనండి, ఫోన్ స్పీకర్‌లో తెలియదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తెనాలి.