శీనూ, రాకెట్ చూసొచ్చాను

సూళ్ళూరుపేట
2 ఆగస్టు 2025

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయలేదని ఎంత తిట్టుకున్నావో, క్షమించరా. అమ్మ మోకాలు నయం. చిన్నదాన్ని ఇంటర్‌లో చేర్చాం. ఇక అసలు సంగతి, కడుపులో ఆగడం లేదు.

బుధవారం సాయంత్రం 5:40కి శ్రీహరికోట నుంచి నిసార్ ఉపగ్రహంతో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచింది. పులికాట్ ఒడ్డున నిలబడి చూశాను. వెలుగు ముందొచ్చింది, చప్పుడు ఆ తర్వాత వచ్చి గుండెల్లో దిగింది. కళ్ళనీళ్ళు ఆగలేదురా.

2001 మార్చి 28, ఈ జీఎస్‌ఎల్‌వీ మొట్టమొదటిసారి ఎగరాల్సిన రోజు, గుర్తుందా? నువ్వు ఆ రోజు అన్నం ముట్టలేదు. పక్కనున్న నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లను ముందు వెలిగిస్తారు. నాలుగూ సరిగ్గా బలం ఇస్తున్నాయని కంప్యూటర్ చూసుకున్నాకే నడిమి ఘన ఇంధన మోటారు అంటుకుంటుంది. అది ఒకసారి అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు ఒక బూస్టర్‌కు బలం చాలలేదు, కంప్యూటర్ అన్నీ ఆపేసింది. నడిమిది గనక వెలిగి ఉంటే... వద్దులే. ఏప్రిల్ 18న అదే రాకెట్ ఎగిరింది.

ఇప్పుడు విను. ఆ నడిమి మోటారు, ఇప్పుడు 139 టన్నుల ఇంధనం పట్టేది, అంతకు ముందునుంచే ఎగురుతున్న మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశే. పక్క బూస్టర్లలో ఉన్న వికాస్ ఇంజన్ పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోది. జీఎస్‌ఎల్‌వీ రెండో దశలోనూ వికాసే. పైనున్న క్రయోజెనిక్ దశ, అంటే అతి చల్లని ద్రవ ఇంధనంతో మండేది, అదొక్కటే వేరు. మనం ముక్కలు అతికించి కట్టిన బండి, మన పుష్పకం గుర్తొచ్చిందా? లూనా ఇంజను, మీ నాన్న సైకిలు. మూడో చక్రం ఎక్కడిదో మాత్రం రాయను, ఒట్టేసుకున్నాం కదా.

కానీ ఉన్నవాటిని కలిపితే వాటి లెక్కలు ఒకదానికొకటి కుదరవురా. నడిమిది సుమారు 100 సెకన్లకే కాలిపోతుంది, పక్కవేమో 150 దాకా మండుతాయి. మామూలు రాకెట్లలో పక్కవే ముందు ఊడిపోతాయి. ఇక్కడ అవి పట్టుకుని ఉన్నదే ఆ నడిమిదాన్ని, ఎలా వదులుతాయి? అందుకే ఆ చివరి యాభై సెకన్లూ నలుగురు బోయీల్లా ఖాళీ డొల్లను కూడా మోసుకుపోతాయి. ఎంత బరువు వృథా! అయినా సరే అనుకున్నారు చూడు, అక్కడే నాకు వాళ్ళంటే ప్రాణం. అప్పటికే ఎగిరి నిలబడ్డ సరుకు మీద నమ్మకం అది. దాన్ని సర్దుబాటు అనేవాళ్ళతో నేను గొడవకు దిగుతాను, నువ్వైనా సరే.

అన్నట్టు వీటన్నిటికంటే పాత రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 సంగతి చెప్పనే లేదు. 1980లో రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్ళిన దాని మొదటి దశ, ఆ 9 టన్నుల మోటారే, పీఎస్‌ఎల్‌వీకి ఆరు పక్క బూస్టర్లు అయింది. ఆ రెంటికీ మధ్యలో వచ్చిన ఏఎస్‌ఎల్‌వీ రాకెట్... అయ్యో, పోస్టు డబ్బా తెరిచే వేళయింది. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
ప్రసాదు