సంతకం ఎవరికి పెడుతున్నాడో చూడరా

కొలంబస్,
15 ఫిబ్రవరి 2026

ఒరే సూర్యం,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు, మీ కార్తీక్‌ని కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కిక్కరుగా పిలిచి, తను వేరే స్కూలుకి, అంటే వేరే యూనివర్సిటీకి, పోయిన ఆ కోచ్‌ని తిట్టడానికే సరిపోయాయి. తిట్టు, తప్పులేదు. జనవరిలో జూనియర్ డేకి, అంటే పదకొండో తరగతి పిల్లలకి కాలేజీ చూపించే రోజుకి, పిలిచి, లాకర్ రూము దాకా తిప్పి చూపించి, చెల్లెమ్మతో "మీవాడు ఇక మావాడే" అన్న మనిషి నెల తిరక్కుండా ఇంకో స్కూలు టోపీ పెట్టుకుని ఫోటోలో నవ్వుతుంటే కడుపు మండదా మరి! కానీ "మనవాళ్ళు కండువా మార్చినట్టు మార్చేశాడు" అన్నావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ. కండువా మార్చేవాడు ఎప్పుడు పోతాడో, పోతే ఎంత కట్టాలో ముందుగా కాగితం మీద రాసి ఉండదు. వీళ్ళకి ఉంటుంది. మనమే చదవం.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకో. కార్తీక్‌ని రిక్రూట్ చేసింది హెడ్‌కోచ్ కాదు, స్పెషల్ టీమ్స్ కోచ్. అంటే బంతిని కాలితో తన్నే కిక్కర్లనీ పంటర్లనీ చూసుకునే అసిస్టెంటు. హెడ్‌కోచ్‌కి ఆరేళ్ళో ఏడేళ్ళో ఒప్పందం ఉంటే, అసిస్టెంట్లకి ఏడాదీ రెండేళ్ళూ, మహా అయితే మూడేళ్ళు. పిల్లలకి రోజూ మెసేజీలు పెట్టేది, పుట్టినరోజు గుర్తుపెట్టుకునేది, అమ్మానాన్నలతో మాట్లాడేది అంతా ఈ చిన్న కాగితం ఉన్నవాళ్ళే. హెడ్‌కోచ్ లేచిపోతే వీళ్ళలో సగంమంది ఆయన వెంట పోతారు, మిగిలిన సగం పని వెతుక్కుంటారు. హెడ్‌కోచ్ కదలకపోయినా జనవరి, ఫిబ్రవరి నెలలు అసిస్టెంట్లు ఊళ్ళు మారే కాలం. ఫిబ్రవరి మొదటి బుధవారం హైస్కూలు పిల్లలు కాలేజీలకి పెట్టే సంతకాలైపోయిన మర్నాడే పెట్టె సర్దినవాళ్ళు ఎంతమందో.

హెడ్‌కోచ్‌లు కదిలేది మాత్రం దాదాపు ఒకే వారంలో. ఎందుకో చెప్తాను. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ వారాంతంతో లీగు మ్యాచ్‌లు అయిపోతాయి. హైస్కూలు పిల్లలు సంతకాలు పెట్టే ముందస్తు గడువు 2017లో మొదలైనప్పుడు డిసెంబరు నడుమ ఉండేది, 2024 నుంచి డిసెంబరు మొదటి వారానికి జరిపారు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పేర్లెక్కే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తలుపు జనవరి 2న తెరుచుకుంటుంది. కొత్త కోచ్ కావలసిన స్కూలు ఈ రెండు తేదీలకీ ముందే మనిషిని కూర్చోబెట్టాలి, లేకపోతే సంతకం పెట్టే పిల్లలూ ఉండరు, ఉన్న పిల్లలూ మిగలరు. అందుకే ఆ ఆదివారం, సోమవారం ఫోన్లు మోగుతాయి. హెడ్‌కోచ్ లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి) పోయింది 2021 నవంబరు 28, ఆదివారం. ముందురోజు రాత్రే ఓక్లహోమా స్టేట్ చేతిలో ఓడి, ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) మాత్రం వెళ్ళనని విలేకరులకి చెప్పాడు. అబద్ధం కాదు పాపం, వెళ్ళలేదుగా! ఆ మర్నాడే బ్రయన్ కెల్లీ నోటర్‌డామ్ వదిలి ఎల్‌ఎస్‌యూకి పోతున్న వార్త బయటపడింది. నోటర్‌డామ్ పిల్లలకి రాత్రి టెక్స్ట్ మెసేజీ, పొద్దున ఏడింటికి నాలుగు నిమిషాల మీటింగు, అంతే. ఆ కెల్లీకి పదేళ్ళు, 95 మిలియన్ డాలర్ల కాగితం రాసిచ్చిన ఎల్‌ఎస్‌యూ నాలుగో ఏడు సగంలో, 2025 అక్టోబరులో, ఇంటికి పంపేసింది. మిగిలిన బాకీ దాదాపు 54 మిలియన్లు.

ఆ ఖాళీలోకి వెళ్ళినవాడే లేన్ కిఫిన్. ఈ ఉదంతం నువ్వూ టీవీలో చూసే ఉంటావు, అయినా తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. ఆయన అప్పుడున్న ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టు 11 గెలిచి ఒకటే ఓడింది, ప్లేఆఫ్‌కి ఖాయం. నవంబరు 28 శుక్రవారం చివరి మ్యాచ్. 30 ఆదివారం కిఫిన్ రాజీనామా. డిసెంబరు 3 బుధవారం సంతకాలు. ప్లేఆఫ్ అయ్యేదాకా నేనే కోచింగ్ చేస్తానని ఆయన అడిగాడు, అథ్లెటిక్ డైరెక్టర్ కీత్ కార్టర్ వద్దన్నాడు. డిఫెన్స్ చూసుకునే పీట్ గోల్డింగ్‌ని హెడ్‌కోచ్ చేశారు. చిత్రమేంటంటే, కిఫిన్‌తో పాటు ఎల్‌ఎస్‌యూకి పోతున్న ఛార్లీ వైస్ జూనియర్‌ని మాత్రం ప్లేఆఫ్‌లో ఓల్ మిస్ అఫెన్స్ నడపడానికి రానిచ్చారు. పిల్లలు టులేన్‌ని కొట్టారు, షుగర్ బౌల్ అనే క్వార్టర్‌ఫైనల్లో జార్జియానీ కొట్టారు, సెమీఫైనల్లో మయామీ దగ్గర ఆగారు.

అదే టులేన్ కోచ్ జాన్ సమ్రాల్ అప్పటికే ఫ్లోరిడాకి సంతకం పెట్టేశాడు. అయినా ప్లేఆఫ్‌లో టులేన్ పక్కనే నిలబడి ఓడి, అప్పుడు వెళ్ళాడు. జేమ్స్ మాడిసన్ కోచ్ బాబ్ చెస్నీ యూసీఎల్‌ఏకి కుదురుకుని కూడా ఒరెగాన్ మీద మ్యాచ్ ఆడించాకే కదిలాడు. కాబట్టి వెళ్ళడం ఒక్కటే తప్పు అని నేననను. కిఫిన్ వెళ్ళిన చోటు అదే లీగులో ఉంది, ఏటా పిల్లలకోసం కొట్టుకునే పొరుగు స్కూలు. పగవాడికి కత్తి ఇచ్చి కాపలా ఎవరు పెట్టుకుంటారు? కార్టర్ చేసింది సబబే అంటాను. నాకు మండేది ఒక్కటే, ఎక్కడికీ పోను అని మైకు ముందు చెప్పడం. నిక్ సేబన్ అంతటివాడు మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో ఉండగా 2006 డిసెంబరులో నేను అలబామా కోచ్‌ని కాబోను అని తెగేసి చెప్పి, 2007 జనవరి మొదటి వారంలో అలబామా విమానం దిగాడు.

డబ్బు సంగతికొస్తే, కోచ్ ఒప్పందంలో బైఅవుట్, అంటే గడువుకి ముందే తెంచుకుంటే కట్టే డబ్బు, రెండువైపులా ఉంటుంది. స్కూలు తీసేస్తే స్కూలు కట్టేది, కోచ్ పోతే కోచ్ కట్టేది. రెండోది పేరుకే కోచ్ కడతాడు, మామూలుగా కొత్త స్కూలే భరిస్తుంది. మొదటిదాంట్లో ఇంకో మెలిక ఉంది, తీసేసిన కోచ్‌కి వేరే పని దొరికితే బాకీ తగ్గుతుందా లేదా అని. టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఆ మెలిక రాసుకోలేదు, 2023లో జింబో ఫిషర్‌ని పంపేసి 76 మిలియన్ల దాకా నెత్తినేసుకుంది. పెన్ స్టేట్ 2025 అక్టోబరులో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు బాకీ 49 మిలియన్లు, ఆయన వర్జీనియా టెక్‌లో చేరేసరికి 9 మిలియన్లకి తెగింది. పెన్ స్టేట్‌కి మాటిచ్చిన పిల్లలు చాలామంది ఆయన వెనకే వర్జీనియా టెక్‌కి మళ్ళారు. వాళ్ళింకా సంతకం పెట్టలేదు కాబట్టి కుదిరింది. మీకూ ఇప్పుడున్నది అదే వెసులుబాటు. కార్తీక్ ఇచ్చింది నోటిమాట. వాళ్ళు ఇచ్చిందీ నోటిమాటే. పన్నెండో తరగతి ఆగస్టు 1 దాకా రాతపూర్వక ఆఫరు ఇవ్వడానికే వీల్లేదు.

సంతకం పెట్టాక కథ మారుతుంది. పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 1964 నుంచి ఉండి 2024 అక్టోబరులో పోయింది. ఇప్పుడు పెట్టేది ఆర్థిక సహాయ ఒప్పందం మీద. పాతదీ కొత్తదీ బడితోనే, కోచ్‌తో కాదు. ఒకసారి సంతకమైతే మిగతా స్కూళ్ళ కోచ్‌లు పిల్లాడితో మాట్లాడటం ఆపెయ్యాలి.

చేరాక ఇష్టం లేకపోతే పోర్టల్. 2021కి ముందు మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. 2021లో ఒక్కసారి మారడానికి మినహాయింపు ఇచ్చారు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారి వెంటనే ఆడొచ్చు. స్కూల్లో నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పాలి, రెండు పనిదినాల్లో వాళ్ళు పేరెక్కించాలి. పేరెక్కాకే వేరే కోచ్ ఫోను చెయ్యాలి. ఫుట్‌బాల్‌కి ఈ ఏడాది తలుపు జనవరి 2 నుంచి 16 దాకానే. హెడ్‌కోచ్ మారితే వేరే తలుపుంది. ఇదివరకు ఆయన పోయిన మర్నాటి నుంచి 30 రోజులు, ఇప్పుడు కొత్త హెడ్‌కోచ్‌ని ప్రకటించిన ఐదు రోజులకి మొదలై 15 రోజులు. ముందు కొత్త మనిషి మాటలు విని ఆ తర్వాత తేల్చుకోమని. ఇక్కడ నీకు కావలసిన ముక్క వినరా. అసిస్టెంటు మారితే ఏ తలుపూ తెరుచుకోదు. స్పెషల్ టీమ్స్ కోచ్ ఫిబ్రవరిలో పోతే కిక్కరు మళ్ళీ జనవరి దాకా ఉన్నచోటే ఉండాలి. ఇంకోటి, పోర్టల్‌లో పేరు పడ్డాక ఆ టర్మ్ చివర స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు స్కూలుకి వస్తుంది. బయట చోటు దొరక్కపోతే రెంటికీ చెడినట్టే.

కోచ్ వెనకాలే పోదామా అని అడిగావు. పోయి బాగుపడ్డవాళ్ళున్నారు. రైలీ వెనక యూఎస్‌సీ వెళ్ళిన కేలెబ్ విలియమ్స్ 2022లో దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కొట్టాడు. కర్ట్ సిగ్నెట్టి 2023 చివర జేమ్స్ మాడిసన్ నుంచి ఇండియానాకి వస్తే 13 మంది కుర్రాళ్ళు వెంట వచ్చారు. పోయిన నెల 19న అదే ఇండియానా 16 మ్యాచ్‌లకి 16 గెలిచి దేశ ఛాంపియన్ అయింది, ఏడెన్ ఫిషర్, ఎలైజా సారట్, డీఆంజెలో పాండ్స్ ముగ్గురూ ఆ బాపతే. అయితే ఎవరి వెంటైతే 13 మంది వస్తారో, వాళ్ళకోసం అక్కడ 13 కుర్చీలు ఖాళీ అవ్వాలిగా. ఆ లెక్క ఎవరూ ఫోటో తియ్యరు. 2022 డిసెంబరులో డియాన్ శాండర్స్ కొలరాడోకి వచ్చి మొదటి మీటింగులోనే చెప్పేశాడు, నా సామాను నాతో తెస్తున్నాను, మీరు పోర్టల్ చూసుకోండి అని. పాతవాళ్ళలో యాభైమందికి పైగా పోయారు. మొహం మీద చెప్పాడని చాలామంది తిట్టారు గానీ, చెప్పకుండా బెంచీ మీద కూర్చోబెట్టేవాడికన్నా ఆయనే నయం అని నా ఉద్దేశం.

కిక్కరుకి ఈ బాధ ఇంకో రకం. బంతి పట్టే రిసీవర్లు ఆరుగురు ఆడతారు, కిక్కరు ఒక్కడే ఆడతాడు. కొత్త కోచ్ పోర్టల్ నుంచి నాలుగో ఏడు కిక్కర్ని ఒకణ్ణి తెచ్చుకుంటే మనవాడి పని చూస్తూ కూర్చోవడమే. పైగా కిక్కర్లలో చాలామందిని ప్రిఫర్డ్ వాకాన్ అని పిలుస్తారు, అంటే జట్టులో చోటుంటుంది, డబ్బుండదు. ఇదివరకు 85 స్కాలర్‌షిప్‌లు పోను వాకాన్లు ఎంతమందైనా ఉండేవారు. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్, ఆటగాళ్ళకి డబ్బివ్వడం గురించిన హౌస్ కేసు రాజీని ఆమోదించాక, అందులో చేరిన స్కూళ్ళకి మొత్తం జట్టే 105 మంది. మూడో కిక్కరు ఆ అంచు మీదే నిలబడి ఉంటాడు. వాకాన్ మాటకి కోచ్ నోరే పత్రం, కోచ్ పోతే ఆ పత్రమూ పోయినట్టే.

అందుకని ఈసారి ఎవరు పిలిచినా కార్తీక్ చేత కాదు, నువ్వే మెయిల్ రాసి జవాబు మెయిల్లోనే తెప్పించుకో. స్కాలర్‌షిప్పా, వాకానా? స్కాలర్‌షిప్ అయితే ఏడాదికా, నాలుగేళ్ళకా? ఒప్పందం నడుస్తున్నంతకాలం ఆట బాగాలేదనో దెబ్బ తగిలిందనో డబ్బు కొయ్యకూడదు, కాబట్టి నాలుగేళ్ళ కాగితం కొత్త కోచ్ మీద కూడా పనిచేస్తుంది. ఇప్పుడెంతమంది కిక్కర్లున్నారు, ఎవరికి ఎన్నేళ్ళు మిగిలాయి? సంతకానికీ చేరడానికీ మధ్య హెడ్‌కోచ్ పోతే వదిలేస్తారా, అది రాసిస్తారా? ఆదాయంలో వాటా ఇచ్చే ఒప్పందం వేరే ఇస్తే అందులో పిల్లాడు కట్టే బైఅవుట్ ఉందేమో మొదట చూడు. కోచ్ పోతే కొత్త స్కూలు కడుతుంది, పిల్లాడు పోతే కోర్టు దాకా రావచ్చు. మొన్న జనవరిలోనే డ్యూక్ తన క్వార్టర్‌బ్యాక్ డేరియన్ మెన్సా మీద దావా వేసింది, తర్వాత రాజీపడింది. నాలుగు డబ్బులు పోయినా ఫర్వాలేదు, సంతకానికి ముందు లాయరుకి చూపించు. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే హెడ్‌కోచ్ ఒప్పందం ఎవరడిగినా ఇవ్వాల్సిన పత్రమే, మీ టెక్సస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అర్జీ పెడితే చాలు. బైఅవుట్ ఏ డిసెంబరులో బాగా తగ్గుతోందో చూసుకో. ఆ డిసెంబరులో ఆయన ఫోను మోగే అవకాశం ఎక్కువ. ప్రైవేటు స్కూళ్ళలో ఈ పప్పులు ఉడకవు.

చేరాక ఒక జాగ్రత్త. నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది, కాలేజీలో ఆడనిచ్చే నాలుగేళ్ళ లెక్కలోకి రాదు, రెడ్‌షర్ట్ అంటారు. ఒక్క కికాఫ్ కొట్టడానికి మైదానంలోకి వచ్చినా అది ఒక మ్యాచే. సీజన్ మధ్యలో కోచ్‌ని తీసేస్తే ఐదో మ్యాచ్‌కి దిగేముందు వేళ్ళు లెక్కపెట్టుకోవాలి.

ఈలోగా కార్తీక్ చేత బంతి కింద పెట్టే ఆ దిమ్మ (టీ అంటారు) మానిపించు. హైస్కూల్లో ఫీల్డ్ గోల్‌కి, అంటే గోల్ స్తంభాల మధ్యనుంచి బంతి తన్నడానికి, రెండంగుళాల దిమ్మ పెట్టనిస్తారు, కాలేజీలో 1989 నుంచి నేలమీంచే కొట్టాలి. దిమ్మ మీద అలవాటైన కాలు నేలమీద కొట్టేటప్పుడు బంతి మధ్యభాగానికి తగిలి, బంతి కిందగా పోతుంది, ఎదుటి లైన్‌మన్ చేతికి దొరికిపోతుంది. బంతి వెనక్కి అందించే స్నాప్ నుంచి తన్ను దాకా 1.3 సెకన్లలో తెమలాలి, పక్కన ఒకణ్ణి ఫోను స్టాప్‌వాచ్‌తో నిలబెట్టి ఆ వీడియో తీసి ఉంచమను. ఏ కోచ్ వచ్చినా మొదట అడిగేది అదే.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆగస్టు 1 తర్వాత కాగితం వస్తే సంతకం కాకముందే ఫోటో తీసి పంపు. మీవాడి పేరు కన్నా ముందు ఎన్నేళ్ళకో రాసిన గడి చూస్తాను.

నీ
కామేశం