మాసిన జాకెట్టు మనిషిని కాపాడదు

సంపాదకులు గారికి,

రాత్రివేళ రోడ్డు మరమ్మతు చేస్తున్న కాంట్రాక్టు కార్మికులను దాటి వెళ్లిన ప్రతిసారీ నాకు గుండె ఝల్లుమంటుంది. ఒంటిమీద దూరం నుంచే కనిపించడానికి వేసుకునే భద్రతా జాకెట్టు ఉంటుంది గానీ, దుమ్ము, తారు పట్టి అది ఏ రంగో తెలియదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు దాటేస్తుంది. డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ దూరం కరిగిపోతుంది.

జాకెట్టు ఇచ్చాం, మా బాధ్యత తీరిందని కాంట్రాక్టర్లు అనుకోవడం తగదు. దాని కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు పగటిపూటే పనికొస్తుంది. చీకట్లో కాపాడేది హెడ్‌లైటు కాంతిని తిరిగి డ్రైవరు వైపే పంపే వెండిరంగు పట్టీ. అది మాసినా, అరిగినా ఆ జాకెట్టు మామూలు గుడ్డే. ఐఎస్ఓ 20471 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇలాంటి దుస్తులను మూడు తరగతులుగా విభజించింది. వాహనాలు వేగంగా తిరిగే చోట, అన్నిటికంటే బాగా కనిపించే మూడో తరగతికి తక్కువ ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఛాతీతోపాటు చేతులకో కాళ్లకో కూడా పట్టీలుంటే, ఆ కదలికను బట్టి అక్కడున్నది స్తంభం కాదు, మనిషి అని డ్రైవరుకు తెలుస్తుంది.

హెల్మెట్టు, బూట్లు, ముందస్తు హెచ్చరిక బోర్డులు ఎలాగూ తప్పనిసరే. వీటన్నిటి ఖర్చును టెండరులో విడిగా చూపించి, అందులో కోతకు వీలు లేకుండా చేయాలి. తక్కువ ధరకు పని దక్కించుకునే పోటీలో మొదట కోత పడేది దానికే.

– ఒక పాఠకురాలు