మన ఉపగ్రహానికి భూమి అడ్డొచ్చిన రోజు

సంపాదకులకు నమస్కారం.

2015 సెప్టెంబరు 28 ఉదయం పది గంటలకు సూళ్లూరుపేటలో ఒక మేడ మీద ఇంటర్ విద్యార్థులతో కలిసి నిలబడి పీఎస్ఎల్‌వీ-సీ30 పైకి లేవడం చూశాను. మంట ముందు కనబడింది, ఉరుము దాదాపు నిమిషం తర్వాత వినబడింది. ఆ రాకెట్ మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్‌ను, అంటే అంతరిక్షం నుంచి ఖగోళాన్ని పరిశీలించే మన ఉపగ్రహాన్ని, ఐదేళ్లు పనిచేసేలా తయారు చేశారు. దానికిప్పుడు పదేళ్లు నిండాయి. దాని తర్వాత ఏమిటని మన పత్రికలు గట్టిగా అడగడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆస్ట్రోశాట్ గమనించే వాటిలో గామా కిరణ విస్ఫోటనాలు ఉన్నాయి; అంతరిక్షపు లోతుల నుంచి వచ్చే అత్యంత శక్తిమంతమైన మెరుపులవి. అణుపరీక్షలపై నిఘాకు అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలకు 1967లో తొలిసారి చిక్కిన ఈ విస్ఫోటనాలను లోపలి నుంచి నడిపేది ఏమిటన్నది నేటికీ తెగని ప్రశ్న. సూర్యుడు జీవితకాలమంతా వెదజల్లే శక్తికి సాటివచ్చేది క్షణాల్లో వెలువడుతుంది. ఆ వెలుగు మిల్లీసెకన్లలో హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి దాని మూలం వెడల్పు కొన్ని వందల కిలోమీటర్లకు మించి ఉండడానికి వీల్లేదు. అది కృష్ణబిలమని ఎక్కువమంది అంటారు. విపరీతమైన అయస్కాంత క్షేత్రంతో గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం (పేలిన భారీ నక్షత్రపు నడిభాగం కుంగి మిగిలిన, న్యూట్రాన్లతో నిండిన ముద్ద), అంటే మాగ్నెటార్, అని మరికొందరంటారు. న్యూట్రాన్లు సైతం తమ లోపలి కణాలైన క్వార్కులుగా విడిపోయిన నక్షత్రమన్నది మూడో వాదం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. విస్ఫోటనపు ధార కాంతివేగానికి అంత చేరువగా దూసుకుపోవాలంటే అందులో మామూలు పదార్థం దాదాపుగా కలవకూడదు. క్వార్క్ నక్షత్రం తన ఉపరితలంలోని పదార్థాన్ని పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచే ప్రబల కేంద్రక బలంతో బిగించి ఉంచుతుంది గనుక ఆ షరతు అక్కడ దానంతటదే తీరుతుంది. అయితే అలాంటి నక్షత్రం ఒక్కటైనా ఉన్నట్టు రుజువు లేదు. ‘క్వార్క్ నక్షత్రం దొరికింది’ అని శీర్షికలు పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఈ వాదం తేలాలంటే విస్ఫోటనం ఎప్పుడు ఏ దిక్కున జరిగినా చూసే కన్ను ఉండాలి. ఆస్ట్రోశాట్‌లోని కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పరికరం 2023 నాటికి 600 విస్ఫోటనాలను పట్టుకుంది. కానీ 2017 ఆగస్టు 17న, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని, ఆ ఢీకి స్థలకాలంలో పుట్టిన అలలు, అంటే గురుత్వ తరంగాలు, అందిన 1.7 సెకన్లకే గామా కిరణాలు వచ్చిపడిన ఆ అపూర్వ ఘట్టంలో, మన ఉపగ్రహానికీ ఆ దృశ్యానికీ మధ్య భూమే అడ్డుగా ఉంది. ఆ ఢీలో చివరకు మిగిలింది కొద్దిసేపు బతికిన భారీ న్యూట్రాన్ నక్షత్రమా, కృష్ణబిలమా అన్నదానిపై ఇంకా ఏకాభిప్రాయం లేదు.

ముంబై ఐఐటీ సారథ్యంలో రూపొందిన ‘దక్ష’ ప్రతిపాదన సరిగ్గా ఈ లోటు తీర్చడానికే పుట్టింది. రెండు ఉపగ్రహాలు భూమికి చెరోవైపున తిరుగుతాయి. ఒకదానికి భూమి అడ్డొస్తే రెండోదానికి కనబడుతుంది. ఈ ప్రతిపాదన ఏ దశలో ఉందో, ఎంత ఖర్చవుతుందో, ఆస్ట్రోశాట్ మూగబోతే మధ్యకాలంలో ఏం చేస్తారో శ్రీహరికోట ఉన్న తిరుపతి నియోజకవర్గ సభ్యుడు లోక్‌సభలో అడగాలని, ఆ జవాబును మీరు యథాతథంగా ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
సూళ్లూరుపేట