గుంటూరు నరాల ల్యాబ్‌లోని పెద్దాయనకి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎలా ఉందని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, నిద్ర కూడా సరిగా లేదు. అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి.

ముందు అసలు సంగతి. అమ్మాయికి ఉన్నది, మొదట విజయవాడలో చెప్పిన సీఐడీపీ అనే నరాల జబ్బు కాదు. షార్కో-మారీ-టూత్ అనే ఇంకో నరాల జబ్బు, పొట్టిగా సీఎంటీ అంటారు. అందులో 1ఏ రకం. వంశంలో జన్యువు ద్వారా వస్తుంది. మామూలుగా ప్రాణాపాయం ఉండదు, అలాగని నయం చేసే మందూ లేదు. ఈ మాట డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు. అంతకు ముందే, అదే ఆసుపత్రిలో కింద అంతస్తులో, వచ్చేశాయి. అది చెబుదామనే ఈ పోస్టు.

మొదట్నుంచీ తెలియనివాళ్ళకి కాస్త వివరంగా. పిల్ల నడుస్తూ నడుస్తూ తూలడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, కాలేజీ మెట్ల మీద రెండుసార్లు పడటం. 2025 మొదట్లో పుణెలో జీబీఎస్ (ఉన్నట్టుండి నరాలు చచ్చుబడే జబ్బు) కేసులని, తర్వాత మన గుంటూరులో కూడా వచ్చాయని పేపర్లలో చదివినవాళ్ళం కదా, గుండె ఆగినంత పనైంది. విజయవాడలో ఒక ఆసుపత్రికి పరిగెత్తాం. జీబీఎస్ అయితే నాలుగు వారాల్లోపే ముదరాల్సినంత ముదిరిపోతుంది, ఇది నెలల తరబడి నెమ్మదిగా సాగుతోంది కాబట్టి అది కాదన్నారు. వెన్నులో నీరు తీశారు, ప్రొటీన్ కొంచెం ఎక్కువుంది. నరాలకి చిన్న షాకులిచ్చి వేగం చూసే కరెంటు టెస్ట్ చేశారు, నరాలు నెమ్మదిగా పనిచేస్తున్నాయి. రెండూ కలిపి సీఐడీపీ అన్నారు. అంటే మన రోగనిరోధక శక్తే మన నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరని పాడుచేయడం. దానికి మందుంది అన్నారు. మందుంది అంటే ఏ తండ్రైనా ఏం చేస్తాడు?

ఆ మందు ఐవీఐజీ. వేలమంది దాతల ప్లాస్మా కలిపి, అందులోంచి యాంటీబాడీలు తీసి తయారుచేస్తారు. మొదటి విడత బరువు కిలోకి 2 గ్రాముల లెక్కన, 5 రోజులకి సర్ది ఎక్కిస్తారు. నేను విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో గుమస్తాని. పది గ్రాముల సీసా ధర చూసి, పిల్ల బరువుతో లెక్క వేసుకుని, ఫార్మసీ కౌంటర్ దగ్గర కాసేపు అలాగే నిలబడిపోయాను. ఒక విడత అయింది, మళ్ళీ ఇంకోటి అయింది. మధ్యలో స్టెరాయిడ్లు. పిల్ల మొహం ఉబ్బింది, అద్దంలో చూసుకోవడం మానేసింది. కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. మూడో విడతకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

అప్పుడు ఎవరో చెబితే రెండో అభిప్రాయం కోసం గుంటూరు కొత్తపేటలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన పాత రిపోర్టులన్నీ చూసి, నరాల పరీక్ష మళ్ళీ చేయించుకు రమ్మని కింద ల్యాబ్‌కి పంపారు.

ల్యాబ్‌లో ఒక టెక్నీషియన్ ఉన్నారు. రిటైర్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్న మనిషి. పేరు రాయొద్దని చేతులు జోడించి చెప్పారు కాబట్టి రాయడం లేదు. మేం వెళ్ళేసరికి భోజనాల వేళ, క్యారేజీ మూత తీసి ఉంది. రేపు రమ్మంటారేమో, మళ్ళీ బస్సు, మళ్ళీ సెలవు అనుకుంటూ నిలబడ్డాను. ఆయన మూత పెట్టేసి, రామ్మా కూర్చో అన్నారు.

పిల్ల పాదం ముట్టుకుని చూసి, "ఐసులా ఉన్నాయి తల్లీ, ఇలా చేస్తే మెషీన్ అబద్ధం చెబుతుంది" అన్నారు. చర్మం చల్లగా ఉంటే నరంలో వేగం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందట. అది నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. మొదటిసారి ఏసీ గదిలో పిల్ల వణుకుతుంటే అలాగే చేసేశారు. ఈయన వేణ్ణీళ్ళు తెప్పించి, తువ్వాలు ముంచి పిండి, రెండు పాదాలకీ చుట్టారు. చల్లారితే మళ్ళీ ముంచి మళ్ళీ చుట్టారు. తర్వాత పొడి గుడ్డతో వేళ్ళ మధ్య కూడా తుడిచారు. పిల్ల కాళ్ళు వెనక్కి లాక్కుంది. "అంకుల్, పెద్దవాళ్ళు మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి" అంది. "రోజంతా నా పని కాళ్ళతోనే తల్లీ. నువ్వు మాత్రం భయపడకు, చిన్న చిన్న షాకులే" అన్నారు.

అక్కడ ఆగలేకపోయాను నేను. గోడ వైపు తిరిగాను. అన్ని ఆసుపత్రులు తిరిగాం, అందరూ దాన్ని కేస్ అన్నారు, ఫైల్ అన్నారు, బెడ్ నంబరుతో పిలిచారు. దాని కాళ్ళు చల్లగా ఉన్నాయని గమనించినవాళ్ళు లేరు.

పరీక్ష చేస్తూ ఆయన మెల్లగా మాటలు తగ్గించారు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మోకాలి దగ్గర, మడమ దగ్గర, ప్రతి చోటా వేగం దాదాపు ఒకేలా తగ్గి ఉంది. ఆ తర్వాత ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "నాన్నగారూ, మీరు చెప్పులు విప్పి ఒకసారి ఈ మంచమ్మీద పడుకోండి" అన్నారు. నాకెందుకండీ అన్నాను. పడుకోండి అన్నారంతే.

నా పాదాలు చూశారు. అరికాలి గుంట ఎక్కువ, వేళ్ళు వంకర. నాకు చిన్నప్పటి నుంచీ ఏ చెప్పూ సరిగా పట్టదు. మా అమ్మవీ అంతే, మోకాలి కింద కండ లేకుండా సన్నగా ఉండేవి, ఊళ్ళో కొంగకాళ్ళ అనే పేరుతోనే పిలిచేవారు. నా చేతికి టెస్ట్ చేశారు. ముంజేతిలో మామూలుగా సెకనుకి 50 మీటర్లో ఇంకా పైనో ఉండాల్సిన వేగం నాకు 20కి అటూ ఇటూ ఉంది. కొట్లో రోజంతా నిలబడి తాన్లు విప్పే మనిషిని, నాకే జబ్బుంటుందని కలలో కూడా అనుకోలేదు. నా టెస్ట్‌కి బిల్లు వేయలేదు. "నాకు జబ్బు పేరు చెప్పే అధికారం లేదు, డాక్టరుగారితో నేనే మాట్లాడతాను" అని రెండు కాగితాలూ పట్టుకుని పైకి ఆయనే వెళ్ళారు. క్యారేజీ అప్పటికీ మూత పెట్టే ఉంది.

పైన డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు, అది కూడా మరిచిపోలేను. పుట్టుకతో వచ్చే జబ్బులో నరాలన్నీ ఒకే తీరుగా నెమ్మదిస్తాయి, వాపు వల్ల మధ్యలో వచ్చిన జబ్బులో ఒకచోట బాగుండి ఒకచోట ఆగిపోతాయి. ఈ తేడా 1982లోనే లూయిస్, సమ్నర్ అనేవాళ్ళు పరిశోధన చేసి రాశారట. సీఎంటీలో కూడా వెన్నునీటిలో ప్రొటీన్ కొంచెం పెరగొచ్చట. ఆ ప్రొటీనే కదా మమ్మల్ని ఇన్నాళ్ళు తిప్పింది! ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్ష రాశారు. 17వ క్రోమోజోమ్‌లో పీఎంపీ22 జన్యువు ఉన్న ముక్క రెండుకి బదులు మూడు కాపీలు ఉంటే 1ఏ రకం. 1991లో అమెరికాలో, బెల్జియంలో వేరువేరుగా కనిపెట్టారు. మా ఇద్దరికీ మూడే వచ్చాయి. ఆ పరీక్షకి అయిన ఖర్చు ఐవీఐజీ ఒక్క పెద్ద సీసా ధర కూడా లేదు. మళ్ళీ రాస్తాను, ఒక్క సీసా ధర కూడా లేదు.

వేగం ఒకేలా తగ్గినా బలహీనత మాత్రం ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుందట. అందుకే నేను కొట్లో నిలబడగలిగాను, అది మెట్లెక్కలేకపోయింది. నా పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. చిన్నవాడికి టెస్ట్ ఎప్పుడు చేయించాలో ఇంకా తేల్చుకోలేదు. ఆ విషయం దయచేసి ఇప్పుడు అడగకండి.

విటమిన్ సి ఇవ్వమని వాట్సాప్‌లో పంపుతున్న బంధువులకి ఒక మాట: ఎలుకల్లో పనిచేసిందని ఆశపడి మనుషుల మీద పెద్ద ట్రయల్సే చేశారు, ఉపయోగం కనబడలేదు. కాబట్టి మానండి. ఉపయోగపడేవి ఫిజియోథెరపీ, పాదం వేలాడకుండా పట్టే ఏఎఫ్ఓ, సరైన బూటు. ఇంకోటి, ఎవరింట్లోనైనా ఈ జబ్బుంటే క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ గురించి డాక్టరుకి ముందే చెప్పాలి. దానివల్ల ఈ నరాలు బాగా దెబ్బతింటాయి.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. రాయకూడదనుకున్నాను, చెయ్యి ఆగడం లేదు. సీఐడీపీ అన్నప్పుడు సగం కట్టారు. పేరు మారగానే, పుట్టుకతో వచ్చింది, మాకు వర్తించదు, మిగతాది రాదు అని ఉత్తరం. జన్యు జబ్బుల పేరుతో క్లెయిములు తోసిపుచ్చొద్దని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2018లోనే కంపెనీలకి చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్తే, కౌంటర్లో అమ్మాయి మెయిల్ చేయండి సార్ అంది. మెయిల్ చేస్తే, మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది అని మెషీన్ జవాబు. తప్పుడు జబ్బుకి డబ్బిచ్చి, అసలు జబ్బు తేలాక ఆపేయడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. మా వీధిలో వడ్డీకి ఇచ్చినవాడికి ఈ లెక్కలు పట్టవు కదా.

ఆ పెద్దాయనకి మళ్ళీ వెళ్ళి కనబడ్డాను. స్వీట్ బాక్స్ తీసుకోలేదు, షుగర్ ఉందన్నారు. పిల్ల నడక ఎలా ఉందో చూపించమని వరండాలో దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించుకున్నారు. అయ్యా, మీరు ఈ పోస్టు చదవరని తెలుసు, ఫోన్‌లో ఇవన్నీ చూడనన్నారు. మీ అబ్బాయి చదివి చెబుతాడని ఆశ. ఇంకో విడత మందుకి మా ఆవిడ గాజులు బయటికి తీసి ఉన్నాయి, మీరు చెప్పులు విప్పమన్న రోజుకి.

మా ఆవిడకీ, బావమరిదికీ ఏం చెబుతాను, వాళ్ళు లేకపోతే నేను లేను, వాళ్ళకి తెలుసు.

పడుకోబోతుంటే గుర్తొచ్చినవాళ్ళు: అటెండెన్స్ తక్కువైనా పరీక్ష రాయనిచ్చిన కాలేజీ మేడమ్‌గారు. నాన్‌స్టాప్ బస్సు అయినా వారధి దిగాక మా కోసం పక్కకి ఆపిన కండక్టర్. బీసెంట్ రోడ్డు పక్క సందులో బూటు లోపల అట్ట కోసి వేసిచ్చిన చెప్పుల తాత, డబ్బు సగమే తీసుకున్నాడు. మా షాపు ఓనరుగారు, జీతం కోయలేదు. విజయవాడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సమ్మ, కాన్యులా నొప్పి లేకుండా పెట్టేది. ప్లాస్మా ఇచ్చిన ఆ వేలమంది కూడా, మా పిల్లకి పనికిరాకపోయినా మీరిచ్చారు కదా. కొత్తపేటలో వీల్‌చైర్ తోసిన కుర్రాడు, పేరు అడగనే లేదు.

వచ్చేవారం వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంప్‌కి వెళ్ళాలి. నరాల జబ్బుకి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, జన్యు రిపోర్టు ఒరిజినల్ అడుగుతారా, జిరాక్స్ సరిపోతుందా, కింద రాయండి. ఫోన్ మాత్రం రేపు పది దాటాకే చేయండి.