పట్టా సరే, లైసెన్సు సంగతేంటి?

రవాణా, సరుకు నిర్వహణ కోర్సులు చెప్పే కాలేజీలు చేతికి పట్టా ఇస్తున్నాయి గానీ, ఉద్యోగానికి కావాల్సిన లైసెన్సు విషయం అడ్మిషన్ అయ్యేదాకా నోరు విప్పడం లేదు. విమానం నడిపే ఉద్యోగానికి కమర్షియల్ పైలట్ లైసెన్సు, దానికి క్లాస్ 1 మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష తప్పనిసరి. ఓడలో ఆఫీసర్ కావాలంటే ఓడ సిబ్బంది శిక్షణ, అర్హతల మీద 1978లో కుదిరిన ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణతో పాటు సముద్రం మీద పనిచేసిన కాలం కూడా చూపించాలి, క్లాసులో కూర్చుంటే అది రాదు. మా బంధువుల అబ్బాయికి రంగులు సరిగా కనిపించవని రెండో ఏడాది ఫీజు కట్టాక బయటపడింది, ముందే పరీక్ష చేయించుకోమని చెప్పినవాళ్లే లేరు. నేను వెళ్లి చూసిన ఇంకో కాలేజీలో సరుకులెత్తే బండి, అదే ఫోర్క్‌లిఫ్ట్ ఉంది, బ్యాటరీ లేదు (ఫొటోలకు మాత్రం బాగా పనికొస్తుంది). ఏ లైసెన్సింగ్ సంస్థ ఆమోదం ఉంది, ఒక్కో విద్యార్థికి యంత్రం మీద, సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు దక్కుతాయి, లైసెన్సుకు విడిగా ఎంత ఖర్చవుతుంది అన్నవి ప్రాస్పెక్టస్ మొదటి పేజీలోనే అచ్చువేయాలని, మెడికల్ రిపోర్టు చూశాకే ఫీజు తీసుకోవాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి.